చేతిలోని ట్రాన్స్‌మిటరు, గాలిలోని గ్లైడరు

రేడియో అనగానే మనకు వార్తలు, పాటలు, పంటల ముచ్చట్లు తలపునకు వచ్చును. దూరమున నున్న స్తంభము నుండి వెలువడిన తరంగములను మన యింటి రేడియో అందుకొని పలుకును. అయితే మాటలు వినిపించుట ఒక్కటే ఆ తరంగముల పని కాదు. మాటకు మారుగా ఆజ్ఞలను కూడ వానిపై పంపవచ్చును. 1898లో నికొలా టెస్లా న్యూయార్కు నగరమున నీటితొట్టిలోని చిన్న పడవను తీగ లేకయే దూరము నుండి నడిపి చూపెను. 1957లో ఇంగ్లండులో కర్నల్ టాప్లిన్ విద్యుత్ మోటారు గల నమూనా విమానమును రేడియో ఆజ్ఞలతో ఎగురవేసెను. నాడు కొలదిమందికే పరిమితమైన ఆ విద్య నేడు మన బాలబాలికల చేతికి అందివచ్చినది. విద్యుత్ గ్లైడరును నడుపు ట్రాన్స్‌మిటరును ఎట్లు సిద్ధపరచవలెనో, అందు ముఖ్యముగా దేనిని మరువరాదో చెప్పుట ఈ ప్రసంగము ఉద్దేశ్యము.

గ్లైడరు మోటారుతో కొంత ఎత్తునకు ఎక్కును. పిమ్మట మోటారు ఆగును, దాని రెక్కలు వెనుకకు ముడుచుకొనును. ఇక గాలియే ఆధారము. అంతర్జాతీయ పోటీలలో ఎఫ్5జె అను తరగతి కలదు. అందు మోటారును 30 సెకండ్లకు మించి నడుపరాదు. ఎంత తక్కువ ఎత్తున మోటారు ఆపి, పది నిమిషములు గాలిలో నిలిచిన అంత మేలు. మన నిజామాబాదు ప్రాంతము ఇట్టి విద్యకు అనువైనది. కోత ముగిసిన వరిమళ్లు, దున్నిన నల్లరేగడి చేలు ఎండకు త్వరగా వేడెక్కును. ప్రక్కనున్న పచ్చని చెరకుతోటలు, చెరువులు చల్లగా నుండును. ఈ భేదము వలన వేడిగాలి పైకి లేచును. గ్రద్దలు రెక్క కదలింపక సుడి తిరుగుచున్న చోటు అదియే.

కంఠేశ్వర్ వంటి పేటలలో ఇండ్లు, కరెంటు తీగలు, రాకపోకలు దట్టముగా నుండును. అది ఎగురవేయదగిన చోటు కాదు. కాని అసలు పని జరుగవలసినది ఇంటిలోని బల్లపైననే. ఊరి వెలుపలి చేనికి పోకముందే ట్రాన్స్‌మిటరుకు పాఠము చెప్పి ముగింపవలెను.

మొదటి పాఠము జత కూర్చుట. ఎఫ్.ఎం. కేంద్రము 88 నుండి 108 మెగాహెర్ట్జుల నడుమ ఒక స్థానమున పలుకును. వేలాది రేడియోలు దానిని వినును. ఇక్కడ అట్లు కాదు. ఒక ట్రాన్స్‌మిటరు ఆజ్ఞను దానితో జతపడిన రిసీవరు ఒక్కటే పాటింపవలెను. నేటి యంత్రములు 2.4 గిగాహెర్ట్జుల ప్రాంతమున పనిచేయును. మన దేశమున ఈ తరంగములను నిర్ణీత శక్తికి లోబడి లైసెన్సు లేకయే వాడుకొను వీలు 2005లో కలిగినది. ట్రాన్స్‌మిటరు, రిసీవరు ఒక రహస్య గుర్తును పంచుకొని, క్షణక్షణము స్థానము మార్చుకొనుచు సంభాషించును. ఒకే ట్రాన్స్‌మిటరు అనేక విమానముల లెక్కలను వేర్వేరు పేర్లతో గుర్తుంచుకొనును. ఎగురవేయుటకు ముందు తెరపైనున్న పేరు చేతిలోని విమానముదే యని చూచుకొనవలెను. పేరు మారిన యెడల కుడి ఎడమ కావచ్చును.

రెండవ పాఠము దిశలు. విమానము వెనుక నిలువవలెను. ఎదుట నిలిచి చూచినచో కుడియెడమలు తారుమారగును. పుల్లను కుడికి త్రోసినపుడు కుడిరెక్క చివరనున్న ఐలెరాను పైకి, ఎడమది క్రిందికి కదలవలెను. ఎలివేటరు పుల్లను తనవైపు లాగిన తోక పలక పైకి లేవవలెను. రడ్డరు కుడికన్న కుడికే తిరుగవలెను. పిమ్మట కొలతలు. ఐలెరాను క్రిందికి కదలుటకన్న పైకి ఎక్కువ కదలునట్లు అమర్తురు. ఏలయన, క్రిందికి వంగిన పలక గాలిని ఎక్కువగా అడ్డగించి ముక్కును తప్పుదారికి లాగును. పొడవైన రెక్కలు గల గ్లైడరునకు ఈ సవరణ చాల అవసరము.

మూడవ పాఠము కలయికలు. మోటారు తిరుగగానే ముక్కు అతిగా పైకి లేవజూచును. కనుక మోటారుతోబాటు ఎలివేటరు స్వల్పముగా క్రిందికి కదలునట్లు చెప్పవచ్చును. దిగునపుడు రెండు ఐలెరాన్లు పైకి, లోపలి ఫ్లాపులు బాగుగా క్రిందికి వంగిన గ్లైడరు వేగము తగ్గి చిన్న చోటున దిగును. అపుడును ముక్కు లేవకుండ ఎలివేటరు సవరణ కావలెను. ఎక్కుట, తేలుట, దిగుట అను మూడు స్థితులకు మూడు లెక్కలు వ్రాసి, ఒక్క స్విచ్చితో మార్చుకొనవచ్చును.

ఇవి యన్నియు సౌకర్యములు. ఇక చెప్పబోవునది ప్రాణరక్షణ. తరంగము మధ్యలో తెగిపోయిన విమానము ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు జవాబును ముందుగనే రిసీవరునకు నేర్పుటయే ఫెయిల్‌సేఫ్. కొన్ని రిసీవర్లు నేర్పనిచో కడపటి ఆజ్ఞనే పట్టుకొని యుండును. మోటారు పూర్తి వేగమున నుండగా సంబంధము తెగినచో, ఒకటి రెండు కిలోల బరువు గల యంత్రము అట్లే దూసుకొనిపోవును. దాని దారిలో పసుపు ఆరబెట్టు కూలీలు ఉండవచ్చును, పశువుల కాపరి ఉండవచ్చును. కావున సంబంధము తెగిన తక్షణమే మోటారు ఆగవలెను. పలకలు స్వల్పముగా మలుపు తిరుగు స్థితికి రావలెను. అపుడు గ్లైడరు ఎక్కువ దూరము పోక దగ్గరనే దిగును. దీనిని పరీక్షించుటకు ప్రొపెల్లరును ఊడదీసి, విమానమును గట్టిగా పట్టుకొని, మోటారు మెల్లగా తిరుగుచుండగా ట్రాన్స్‌మిటరును ఆపవలెను. మోటారు నిలిచినదా సరి. నిలువని యెడల ఆ విమానము ఎగురుటకు తగదు. జత మరల కూర్చిన ప్రతిసారియు ఈ పరీక్ష చేయవలెను.

దీనికి తోడు మోటారునకు ఒక తాళపు స్విచ్చి నుంచవలెను. ఆ స్విచ్చి తీయనిదే పుల్ల ఎంత కదిలినను ప్రొపెల్లరు తిరుగరాదు. ఇంటిలో పిల్లల వ్రేళ్లు కాపాడునది ఇదియే. ముందుగా ట్రాన్స్‌మిటరు వెలిగించి, తరువాత విమానమునకు బ్యాటరీ తగిలింపవలెను. ఆపునపుడు ఈ వరుస తిరుగబడవలెను.

చిన్న గ్లైడర్లలో మోటారునకు, రిసీవరునకు తరచు బ్యాటరీ ఒక్కటే. మూడు గదుల లిథియం బ్యాటరీ నిండుగా నున్నపుడు 12.6 వోల్టులు చూపును. మోటారు నడచిన కాలమును లెక్కించి హెచ్చరించు గడియారమును ట్రాన్స్‌మిటరులో అమర్చుకొన్న యెడల, దిగుటకు కావలసిన శక్తి మిగులును. రిసీవరు ఏరియలు కార్బను గొట్టము లోపల దాగి యుండరాదు. ఆ పదార్థము తరంగములను అడ్డగించును. చేనికి చేరిన పిమ్మట, ట్రాన్స్‌మిటరును తక్కువ శక్తికి మార్చి, తయారీదారు చెప్పిన దూరము నడచి, పలకలు తడబడక కదలుచున్నవో లేదో చూడవలెను.

చట్టమును మరువరాదు. 2021 నాటి డ్రోన్ నియమములు ఆకాశమును ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలములుగా విభజించినవి. ఆకుపచ్చ మండలములో 400 అడుగుల ఎత్తే హద్దు. మనమున్న చోటు ఏ మండలమో పటములో ముందుగా చూచుకొనవలెను.

ఇది కేవలము ఆటయని తలపరాదు. 2023లో ప్రకటింపబడిన నమో డ్రోన్ దీదీ పథకము మహిళా సంఘములకు పొలములపై మందు చల్లు డ్రోనులను ఇచ్చుటకు ఏర్పడినది. ఆ యంత్రమునకును సంబంధము తెగినపుడు ఏమి చేయవలెనో ముందుగా నేర్పవలసినదే. మీ పిల్లలు గ్లైడరు కావలెనని కోరినచో కాదనకుడు. అయితే అది ఎంత ఎత్తునకు ఎగురునని అడుగుటకు ముందు, ట్రాన్స్‌మిటరు ఆగిన మోటారు ఆగునా యని అడుగుడు. చేసి చూపుమనుడు. అటుపిమ్మటనే చేనికి పంపుడు.