కడుపు కోయించుకోవాలా, వద్దా?

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం. వక్త 1991 పదో తరగతి బ్యాచ్ విద్యార్థిని, జూనియర్ కళాశాలలో గణిత అధ్యాపకురాలు.)

 

నిన్నటి నుంచి నన్ను చూసినవాళ్లు "ఏమ్మా, ఒంట్లో బాగుండటం లేదా?" అని అడుగుతూనే ఉన్నారు. కొందరు పక్కకు పిలిచి జబ్బు పేరు కూడా చెవిలో అడిగారు. అందరికీ ఒకేసారి చెప్పేస్తే సరిపోతుందని మన కార్యదర్శి ఈ ఇరవై నిమిషాలు నాకిచ్చాడు. జబ్బేమీ లేదు. 2024 ఫిబ్రవరిలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాను. డాక్టర్లు దాన్ని బేరియాట్రిక్ సర్జరీ అంటారు. మీరూ చేయించుకోండని చెప్పడానికి రాలేదు. ఆపరేషన్ జరిగింది రెండు గంటలు. చేయించుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల గురించే చెబుతాను.

మనం తెలుగు మీడియం వాళ్లం కదా, మాస్టారు నేర్పిన పద్ధతిలోనే ముందు దత్తాంశం రాసుకున్నాను. వయసు 47. ఎత్తు 158 సెంటీమీటర్లు. బరువు 98 కిలోలు. ఎత్తును మీటర్లలో వేసి, దాని వర్గంతో బరువును భాగిస్తే వచ్చేది బీఎంఐ. నాకు 39 వచ్చింది. మన భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క. ఏడేళ్లుగా షుగరు. మూడు రకాల మాత్రలు వేసుకుంటున్నా మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.1 దగ్గర ఉంది. మోకాళ్లు సరేసరి. రెండో అంతస్తులో క్లాసుంటే మొదటి అంతస్తులో ఆగి, గోడకున్న టైంటేబులు చదువుతున్నట్టు నిలబడేదాన్ని.

"నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంటావా?" అని మా అమ్మ అడిగింది. మా బంధువుల్లో సగం మంది మనసులో మాట కూడా అదే. దానికి సమాధానం నాకు నేను చెప్పుకోకుండా ముందుకు వెళ్లడం కుదరలేదు. ఎందుకంటే నేను నోరు కట్టుకున్నదాన్నే. పదేళ్లలో మూడుసార్లు ఎనిమిది నుంచి పదకొండు కిలోల దాకా తగ్గాను. జొన్నరొట్టెలతో ఒకసారి, నడకతో ఒకసారి, డైటీషియన్ రాసిచ్చిన చీటీతో ఒకసారి. మూడుసార్లూ ఏడాదిన్నరలో తిరిగి వచ్చేసింది, వడ్డీతో సహా. బరువు తగ్గగానే శరీరం దాన్ని కరువుగా లెక్కేసుకుంటుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు తగ్గుతాయి, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తి కూడా తగ్గుతుంది. 2011లో ఆస్ట్రేలియాలో కొందరిని పది వారాలు కఠినమైన ఆహార నియమంలో పెట్టి చూశారు. ఏడాది గడిచినా వాళ్ల ఆకలి హార్మోన్లు పాత స్థితికి రాలేదు. ఇది చదివాక అమ్మ మాటకు కోపం రాలేదు. ఆవిడ కాలంలో ఈ సంగతి ఎవరికీ తెలియదు.

అలాగని నడక, తిండి నియమం వృథా అని అనుకోకండి. ఐదారు కిలోలు ఎక్కువున్నవాళ్లకు అవే చాలు. షుగరు ఇప్పుడిప్పుడే మొదలైనవాళ్లకు చాలా మేలు కూడా చేస్తాయి. నేను చెబుతున్నది 39 దగ్గర నిలబడ్డ మనిషి గురించి.

ఇక ఆపరేషన్ అంటే ఏమిటి? దీన్ని కొవ్వు పీల్చేసే లైపోసక్షన్‌తో కలిపేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2015లో అమెరికాలో ఒక తెలుగు హీరోయిన్ చనిపోయినప్పుడు టీవీల్లో వచ్చిన వార్తలు మా అమ్మకు బాగా గుర్తు. "ఆ పిల్లలాగా అయితే?" అని ఏడ్చింది. అది చర్మం కింద కొవ్వు తీసే పని. ఇది కడుపు, పేగుల మీద చేసే పని. రెండూ వేరు. ఇందులో మన దగ్గర ఎక్కువగా చేసేవి రెండు రకాలు. ఒకటి స్లీవ్. కడుపు సంచిలో ముప్పావు వంతుకు పైగా నిలువుగా కోసి తీసేసి, అరటిపండు ఆకారంలో గొట్టం మిగులుస్తారు. తీసేసిన భాగం మళ్లీ రాదు. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన చోటే కాబట్టి ఆకలి కూడా తగ్గుతుంది. రెండోది బైపాస్. పైన కోడిగుడ్డంత చిన్న సంచి వేరుచేసి, చిన్నపేగును తెచ్చి దానికి కలుపుతారు. తిన్నది మిగతా కడుపునూ పేగు మొదటి భాగాన్నీ తగలకుండా కిందకు పోతుంది. బరువు తగ్గకముందే, కొద్ది రోజుల్లోనే షుగరు దిగడం ఇందులో ఎక్కువగా చూస్తారు. స్లీవ్‌లో మొత్తం బరువులో సుమారు పాతిక శాతం, బైపాస్‌లో ముప్పై శాతం తగ్గుతారని సగటు లెక్క. రెండూ చిన్న చిన్న రంధ్రాలతోనే చేస్తారు. నితిన్ గడ్కరీ గారు 2011లోనే ఇలాంటి ఆపరేషన్ చేయించుకున్నారు. మా తమ్ముడు ఆ కబురు చెప్పి అమ్మకు కాస్త ధైర్యమిచ్చాడు. ఆవిడ హార్మోన్ల మాట నమ్మలేదు గానీ మంత్రిగారి మాట నమ్మింది.

ప్రాణభయం సంగతి దాచను. ఆపరేషనైన నెలరోజుల్లో చనిపోయేవాళ్లు వెయ్యికి ఒకరి నుంచి ముగ్గురు అని పెద్ద పెద్ద లెక్కలు చెబుతున్నాయి. పిత్తాశయం తీసే ఆపరేషన్‌కు కాస్త అటూఇటూ అంతే. కుట్టు దగ్గర లీకు రావడం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, లోపల రక్తస్రావం, ఈ మూడింటికే అందరూ భయపడేది. లెక్కల టీచర్ని కాబట్టి వెయ్యిలో మూడు అంటే నాకు చిన్నదిగానే కనిపించింది. మావారికి మాత్రం ఆ ముగ్గురిలో ఒకరు నేనే అన్నట్టు కనిపించింది. ఇలాంటి చోట ఇద్దరి లెక్కా తప్పనలేం.

రెండో వైపు లెక్క కూడా వేశాను. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి నాలుగు వేల మందికి పైగా మనుషులను ఏళ్ల తరబడి గమనించారు. సగం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, సగం మంది మామూలు వైద్యంలో ఉన్నవాళ్లు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో మరణాలు తక్కువని 2007లో ప్రకటించారు. షుగరు సంగతి ఇంకా నిజాయితీగా చెప్పారు. రెండేళ్లకు 72 శాతం మందికి షుగరు పోయింది. పదేళ్లకు వచ్చేసరికి అలా మిగిలింది 36 శాతమే. అంటే సగం మందికి తిరిగి వచ్చింది. అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో 150 మందితో చేసిన అధ్యయనంలో ఐదేళ్ల తర్వాత హెచ్‌బీఏ1సీ 6 లేదా అంతకంటే తక్కువ ఉన్నవాళ్లు మందులు మాత్రమే వాడినవాళ్లలో 5 శాతం, స్లీవ్‌లో 23, బైపాస్‌లో 29. ఈ అంకెలు నోట్‌బుక్‌లో రాసుకున్నాక "షుగరు శాశ్వతంగా మాయం" అనే హోర్డింగులు చూస్తే నవ్వొచ్చేది.

హోర్డింగులంటే గుర్తొచ్చింది. మొదట వెళ్లిన చోట డాక్టరుగారు నాతో గడిపింది ఆరు నిమిషాలు. తర్వాత కౌన్సెలర్ అమ్మాయి కూర్చోబెట్టి, ఈ నెలాఖరులోపు అడ్వాన్సు కడితే ప్యాకేజీలో నలభై వేలు తగ్గిస్తామంది. పట్టుచీరలకు ఆషాఢం డిస్కౌంటు విన్నాం గానీ కడుపుకు వినలేదమ్మా అని చెప్పి వచ్చేశాను. రెండో చోట సర్జన్ అసలు ఆపరేషన్ మాటే ఎత్తకుండా నన్ను నలుగురి దగ్గరకు పంపాడు. ఎండోస్కోపీ, షుగరు డాక్టరు, మానసిక వైద్యురాలు, నిద్ర పరీక్ష. మానసిక వైద్యురాలి దగ్గరకు ఎందుకని నేను చిన్నబుచ్చుకున్నాను. ఆవిడ అడిగిన ప్రశ్న ఒక్కటే చెబుతాను: "మనసు బాగాలేనప్పుడు మీరేం తింటారు? రేపు అది తినలేకపోతే ఏం చేస్తారు?" గంటసేపు మాట్లాడాను.

మా ఇంట్లో మాట మార్చింది మాత్రం నిద్ర పరీక్ష. రాత్రంతా వైర్లు తగిలించి పడుకోబెట్టారు. నిద్రలో గంటకు 41 సార్లు నా ఊపిరి ఆగుతోందని తేలింది. నా గురకను ఇరవై ఏళ్లుగా హాస్యంగా చెప్పుకునే మావారు ఆ కాగితం చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత వద్దని ఒక్కసారీ అనలేదు. సర్జన్‌ను ఆయన అడిగింది ఒక్కటే: "డిశ్చార్జి అయ్యాక రాత్రి రెండింటికి నొప్పి వస్తే ఫోనెత్తేది ఎవరండీ?" డాక్టరు తన నంబరు, తన జూనియర్ నంబరు రాసిచ్చాడు. నేను ఎనిమిది నెలల్లో రాసుకున్న ముప్పై ప్రశ్నల్లో అంత మంచిది లేదు.

డబ్బు సంగతి. నాకు చెప్పిన అంకెలు మూడు లక్షల నుంచి ఐదున్నర లక్షల దాకా ఉన్నాయి. ఆరోగ్య బీమా ఉన్నవాళ్లకు ఒక మాట. బీమా నియంత్రణ సంస్థ షరతు ప్రకారం బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి గుండెజబ్బో, తీవ్రమైన నిద్ర ఊపిరి సమస్యో, అదుపులో లేని షుగరో ఉండాలి, మామూలు పద్ధతులతో తగ్గలేదని కూడా చూపించాలి. వైద్యపరంగా చూస్తే ఇంకా తక్కువ బీఎంఐకే చేయవచ్చంటున్నారు. 2022 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఆసియావాసులకు 27.5 నుంచే ఆలోచించవచ్చని ఉంది. డాక్టరు సరేనన్నా బీమా కంపెనీ సరేననదు. నా పాత డైట్ చీటీలు, షుగరు రిపోర్టులు దాచి ఉండబట్టి నాకు క్లెయిము వచ్చింది.

మా అక్క ఇక్కడ చాలామందికి తెలుసు, 1986 బ్యాచ్. ఆవిడ అనుమతితోనే చెబుతున్నాను. నాతోపాటే పరీక్షలన్నీ చేయించుకుంది. ఆవిడకు షుగరు వచ్చి పందొమ్మిదేళ్లు. పదేళ్లుగా ఇన్సులిన్. సి-పెప్టైడ్ పరీక్షలో సొంత ఇన్సులిన్ దాదాపు తయారు కావడం లేదని తేలింది. అలాంటప్పుడు బరువు తగ్గుతుంది గానీ షుగరు పోతుందని ఆశపెట్టుకోకూడదన్నారు. పైగా ఆవిడ ఒంటరిగా ఉంటుంది, పిల్లలు అమెరికాలో. మొదటి రెండు వారాలు ద్రవాలు, తర్వాత మెత్తటి ఆహారం, జీవితాంతం విటమిన్లు, ఏటా రక్తపరీక్షలు, ఇవన్నీ ఎవరు చూస్తారని ఆవిడే అడిగింది. "నాకు కావలసింది షుగరు పోవడమే, అది పోనప్పుడు నాకెందుకే?" అని వద్దనుకుంది. నేను చేయించుకున్నాను. ఒకే తల్లి పిల్లలం, ఒకే డాక్టరు, రెండు సమాధానాలు. మాస్టారూ, ఇక్కడ దత్తాంశం మారింది గనుక సారాంశమూ మారింది.

నాకు బైపాస్ చేశారు. ఇప్పుడు బరువు 69. ఒక దశలో 66కు వచ్చి మూడు కిలోలు తిరిగి పెరిగాను. కొంత పెరగడం మామూలేనన్నారు. మూడు రకాల మాత్రల్లో ఒకటి మిగిలింది, హెచ్‌బీఏ1సీ 6.3. ఊపిరి ఆగడం పోయింది. క్లాసు రెండో అంతస్తులో ఉన్నా ఆగడం లేదు. పోగొట్టుకున్నవీ ఉన్నాయి. నాలుగో నెలలో జుట్టు గుప్పిళ్లతో రాలింది, తర్వాత వచ్చింది. బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి ఇక చివరిదాకా వేసుకోవాలి. రోజుకు అరవై గ్రాముల ప్రొటీన్ తినడం మన పప్పన్నం ఇళ్లలో ఎంత కష్టమో నాకు తెలుసు. గుడ్లు, పెరుగు, చేపలు లెక్కపెట్టుకుంటూ తింటాను. తినేటప్పుడు మంచినీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. మోకాళ్ల నొప్పికి మామూలుగా వాడే మాత్రలు వాడకూడదు, లోపలి కుట్టు దగ్గర పుండు పడుతుంది. ఒకసారి పెళ్లిలో మొహమాటానికి రెండు లడ్డూలు తింటే చెమటలు పట్టి, గుండె దడదడలాడి పెళ్లివారి గదిలో గంటసేపు పడుకున్నాను. మద్యం తాగేవాళ్లకు ఇంకో మాట. బైపాస్ తర్వాత అది చాలా వేగంగా ఎక్కుతుంది, అలవాటు ముదిరే ప్రమాదమూ ఉంది. పిల్లలు కావాలనుకునే అమ్మాయిలు ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర ఆగాలంటారు.

నేను నిర్ణయం తీసుకున్నప్పుడు లేని దారి ఒకటి ఇప్పుడుంది. వారానికొకసారి వేసుకునే ఇంజక్షన్లు. టిర్జెపటైడ్ 2025 మార్చిలో, బరువు కోసం వాడే మోతాదులో సెమాగ్లుటైడ్ ఆ జూన్‌లో మన దేశానికి వచ్చాయి. పరిశోధనల్లో ఏడాదిన్నరలో సుమారు పదిహేను నుంచి ఇరవై శాతం బరువు తగ్గింది. కోత లేదు. కానీ ఆపేస్తే పోయిన బరువులో ఎక్కువ భాగం తిరిగి వస్తోంది. ఇవి అప్పుడే ఉండి ఉంటే నేను ముందు ఇవే వాడి చూసేదాన్నేమో. మా అక్క ఇప్పుడు తన షుగరు డాక్టరుతో ఈ సంగతే మాట్లాడుతోంది.

నా రిపోర్టులు, ఆ ముప్పై ప్రశ్నల నోట్‌బుక్ తెచ్చాను. టీ విరామంలో లైబ్రరీ గదిలో ఉంటాను, చూడాలనుకున్నవాళ్లు రండి. ఫోటోలు తీసుకోవచ్చు. మధ్యాహ్నం వడ్డించే తమ్ముళ్లకు ఒక విన్నపం: నా విస్తట్లో రెండు ముద్దలే ఉన్నాయని మొహమాటపెట్టకండి, పాయసం అసలు వేయకండి. నా వాటా మా అక్కకూ పెట్టకండి.