మోటారు కారులో మంద్రస్వరము

ఏలూరునుండి తాడేపల్లిగూడెము వైపు జాతీయ రహదారిపై పోవువారికి ఈ అనుభవము క్రొత్తది కాదు. వెనుకనుండి ఒక కారు వచ్చుచుండును. పాడుచున్న దెవరో తెలియదు, పల్లవి యేదో వినరాదు. 'ధమ్, ధమ్' అను మ్రోత మాత్రము ముందుగా వచ్చి రొమ్మును తాకును. ఆ మ్రోతకు మూలము డిక్కీలోని సబ్‌వూఫరు. మంద్రస్వరములను పలికించుటకే ఏర్పడిన పెద్ద స్పీకరు అది.

దానిని కొన్న యువకులు చెప్పుకొను కొరత తరచుగా ఒక్కటే: "ఇంత సొమ్ము పెట్టితిమి, మ్రోత చాలలేదు." ఆపై మరింత పెద్ద ఆంప్లిఫయరు కొరకు అంగడికి పోవుదురు. నిత్యము ధ్వనితోనే పనిగల మేము వారికి మనవి చేయున దిది: మంద్రమునకు బలము వాట్లవలన కంటె కూర్పువలన ఎక్కువగా వచ్చును.

లెక్క చూడుడు. 100 వాట్లను 200 చేసినచో ధ్వని పెరుగునది 3 డెసిబెల్లులు మాత్రమే. చెవికి అది కొద్దిపాటి భేదము. 12 వోల్టుల బ్యాటరీనుండి 500 వాట్లు రాబట్టవలెనన్న, నష్టములతో కలిపి సుమారు 50 ఆంపియర్ల కరెంటు పారవలెను. సన్నని వైరు దానికి తాళలేదు, వేడెక్కును. కావున తగిన మందముగల వైరు, బ్యాటరీ చెంతనే ఫ్యూజు, రంగు గీకిన ఇనుముపై గట్టిగా బిగించిన ఎర్తు తీగ మొదట ఉండవలెను.

తరువాతది పెట్టె. ఘట వాద్యకారుడు కడవ మూతిని పొట్టకు అదుముచు, వదలుచు మంద్రనాదమును మార్చుట శ్రోతలు చూచియే యుందురు. లోపలి గాలియు, మూతియు కలిసి ఆ నాదమును తీర్చుచున్నవి. గొట్టము అమర్చిన సబ్‌వూఫరు పెట్టెలో జరుగునదియు అదియే. ఒక స్థాయివద్ద అది బలముగా పలుకును. అంతకంటె క్రిందికి దిగినచో స్పీకరు అదుపు తప్పును. అన్ని వైపుల మూసిన పెట్టె కొంత మెత్తగా పలికినను నాదము నిలకడగా నుండును. ఏ పెట్టె యైనను స్పీకరు చేసినవారు చెప్పిన కొలతకే యుండవలెను.

ఇక కానీ ఖర్చులేని చికిత్స యొకటి కలదు. తలుపులలోని స్పీకర్లు గాలిని ముందుకు త్రోయునపుడు సబ్‌వూఫరు వెనుకకు లాగినచో, రెండింటికి ఉమ్మడియైన స్వరములు ఒకదానినొకటి హరించుకొనును. సబ్‌వూఫరు తీగలను రెండింటిని తారుమారు చేసి వినుడు. ఏ విధమున బలముగా నున్నదో దానినే ఉంచుడు. క్షణమునకు 40 కంపనములుగల స్వరమునకు అలపొడవు ఎనిమిదిన్నర మీటర్లకు పైమాటయే, అనగా కారుకంటె పొడవు. అందుచేత పెట్టె ముఖమును వెనుకకు త్రిప్పినను, కొంచెము జరిపినను ఫలితము మారును. అదురుచున్న నంబరు పలకను, డిక్కీ మూతను బిగించుడు. నాదము చినిగినట్లు తోచినచో ఆంప్లిఫయరు మరను వెనుకకు త్రిప్పుడు. ఆ చినుగుడే స్పీకరు చుట్టను కాల్చును.

ఇంత శ్రద్ధ యెందుకన్న, చెవి మరల కొనదగిన వస్తువు కాదు. 80 డెసిబెల్లుల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును గాని, 90 డెసిబెల్లులైనచో 4 గంటలే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ హితవు. పొరుగువాని నిద్రయు ఆలోచింపదగినదే. మంద్రస్వరము గోడలను సులువుగా దాటును. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు నివాస ప్రాంతములకు పగలు 55, రాత్రి పదినుండి ఉదయము ఆరువరకు 45 డెసిబెల్లులను హద్దుగా నిర్ణయించినవి.

ఏలూరునుండి కైకలూరు పోవు దారి కొల్లేటిమీదుగా సాగును. ఆ సరస్సు 1999లో అభయారణ్యమైనది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కినది. ఆటపాకవద్ద గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లలను సాకును. రాత్రివేళ చల్లని నీటిమీద ధ్వని పగటికంటె దూరము పోవును. అక్కడ మర తగ్గించుటయే మర్యాద.

అద్దములు మూసినచో కారులోపల మంద్రము సాధారణముగా మరింత నిండుగా వినిపించును, వెలుపలికి పోవునది తగ్గును. వెనుకవారి హారను వినబడునంత మట్టునకే మర త్రిప్పుకొన్నచో, పాటయు దక్కును, ప్రయాణమును క్షేమముగా సాగును.