చెత్తకు కూడా లెక్క ఉండాలి

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం ప్రతి ఏటా జమాఖర్చులు చదివి వినిపిస్తుంది. చందాలు ఎన్ని వచ్చినవి, ఎంతమంది పిల్లలకు స్కాలర్‌షిప్పు అందినది పైసాతో సహా చెప్తాము. ఊరి చెత్తకు మాత్రం అటువంటి లెక్క అడిగేవారు తక్కువ. ఈ రోజు ఆ లెక్క గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతం రాతి నేల. వాన నీరు బండల పగుళ్ళ గుండా బావులకు, బోర్లకు దిగుతుంది. చెత్తకుప్ప మీద పడిన వాన నల్లటి మురుగై అదే దారి పట్టగలదు. ఫ్లోరైడు నీళ్ళతో నల్లగొండ పడిన బాధ తెలియనివారు లేరు. మళ్ళీ ఇంకొక విషాన్ని నీటిలో కలుపుకోవాలా? పైగా కుప్ప పక్కన ఉండేది ఎక్కువగా బీదల బస్తీయే. కనుక ఇది శుభ్రత సంగతి మాత్రమే కాదు, న్యాయం సంగతి కూడా.

"ఇన్ని ట్రాక్టర్లు, ఇన్ని టన్నులు ఎత్తినాము" అని రిపోర్టులో వ్రాస్తారు. అది చేసిన పనికి లెక్క గాని ఫలితానికి కాదు. ఎత్తినదానిలో ఎరువు అయినది ఎంత? మళ్ళీ వాడకానికి పోయినది ఎంత? గుంటలో పడినది ఎంత? 2008లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ పెట్టిన కొలమానాలు కూడా ఇదే అడిగినవి. ప్రతి ఇంటి నుండి సేకరణ 100 శాతం, వేరు చేయడం 100 శాతం, తిరిగి వినియోగంలోకి తేవలసినది 80 శాతం అని లక్ష్యం చెప్పినారు.

ఇది కాని పని కాదు. అప్పటి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట సుమారు లక్ష జనాభా గల ఊరు. 2003 ప్రాంతంలో మునిసిపలు కమిషనరు ఎస్.ఏ. ఖాదర్ సాహెబ్ గారి హయాంలో ఆ ఊరు వీధి చెత్తకుండీలు లేని పట్టణంగా దేశంలో పేరు తెచ్చుకున్నది. ఇంటింట తడి చెత్తకు ఒక బుట్ట, పొడి చెత్తకు ఒక బుట్ట. తడిది వానపాముల ఎరువుకు, పొడిది అమ్మకానికి. రహస్యం యంత్రంలో లేదు, వంటింట్లో ఉన్నది. ఒకసారి కలిసిన తర్వాత గాజుపెంకులు ఎరువులో చేరతాయి, కాగితం బురదలో నాని పనికిరాకుండా పోతుంది. 2016 నాటి నిబంధనలు ఇట్లా వేరు చేసి ఇవ్వడం ప్రతి ఇంటి బాధ్యత అన్నవి.

అయితే లెక్క కూడా మోసం చేస్తుంది, జాగ్రత్త. వానకాలం తడిసిన చెత్త ఎక్కువ తూగుతుంది, కాబట్టి ఎండాకాలం అంకెతో దాన్ని పోల్చరాదు. కుప్పకు నిప్పు పెడితే బరువు తగ్గుతుంది. కాగితం మీద లాభం, బస్తీ పిల్లల ఊపిరితిత్తులకు నష్టం. అందుకని ఎన్నిసార్లు కాలినదో కూడా వ్రాయాలి. తడి చెత్త గాలి ఆడక కుళ్ళితే మీథేను వాయువు పుడుతుంది. నూరేళ్ళ లెక్కన అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. మరి గుంటకు పోయే తడి చెత్త బరువు మొదట చూడవలసిన అంకె. ఇక కబాడీ వాళ్ళు ఎత్తుకపోయే ఇనుము, అట్టలు, ప్లాస్టిక్ చాలా వరకు ఏ రిజిస్టరులోకీ ఎక్కవు. ఊరికి అంత మేలు చేసేవాళ్ళు లెక్కలోనే లేరు! మనవాళ్ళు ఎందరో ఆ పని మీదనే బ్రతుకుతున్నారు. వారికి చేతి తొడుగులు, గుర్తింపు కార్డు ఇప్పించడం మన సంఘం పని కాదా?

నేను కోరేవి మూడు. దావత్ జరిగే ప్రతి షాదీఖానాలో ఒక కాంటా పెట్టి తడి, పొడి చెత్త విడివిడిగా తూచి బోర్డు మీద వ్రాయాలి. బక్రీదు మూడు రోజులు వ్యర్థాలను వేరుగా సంచుల్లో కట్టి మునిసిపాలిటీ బండికే ఇవ్వాలి, మోరీలో వేయరాదు. కుప్పకు దగ్గరి బావుల నీటిని వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి పరీక్ష చేయించమని అధికారులను అడగాలి.

వచ్చే ఏడు జమాఖర్చులతో పాటు ఈ అంకెలు కూడా చదివి వినిపించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.