పన్ను లేకపోవచ్చు, లెక్క తప్పదు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో మనం చెవి ఒగ్గి వినేది మన రాశికి ఆదాయ వ్యయాలు ఎట్లున్నవనే సంగతి. ఆ వెంటనే రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని వింటాము. ఆదాయాన్నీ, రాజువల్ల కలిగే మర్యాదనూ, అవమానాన్నీ మన పెద్దలు ఒక్క వరుసలోనే ఉంచడంలో ఎంతో లోకజ్ఞానం ఉన్నది. ఈనాడు నేను మనవి చేయబోయే ఆదాయపు పన్ను విషయం కూడ ఆ వరుసలోనిదే. పండుగపూట ఈ చేదెందుకని ఎవరైనా అనవచ్చును. వేపపువ్వు లేనిదే ఉగాది పచ్చడి కాదు గనుక కొంచెం ఓపిక పట్టవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

నేను చెప్పదలచిన మాట ఒక్కటే. పన్ను పడకపోవడం వేరు, లెక్క చెప్పకపోవడం వేరు. ఈ రెంటినీ ఒకటిగా భావించడంవల్లనే మనవాళ్ళలో నిజాయితీపరులు సైతం చిక్కులలో పడుతున్నారు.

ముందు కొంచెం పూర్వకథ. మన దేశంలో ఆదాయపు పన్నును ప్రవేశపెట్టినవాడు జేమ్స్ విల్సన్ అనే ఆంగ్లేయుడు. 1857 నాటి తిరుగుబాటువల్ల ఖాళీ అయిన ఖజానాను నింపడానికి 1860లో ఆయన ఈ ఏర్పాటు చేశాడు. ఆనాడు చెన్నపట్నం గవర్నరుగా ఉన్న సర్ చార్లెస్ ట్రెవెలియన్ ఈ పన్నును బహిరంగంగా ఎదిరించి, అందువల్లనే పదవి పోగొట్టుకొని ఇంగ్లండుకు తిరిగి వెళ్ళవలసివచ్చింది. గవర్నరంతటివాడే ఎదిరించి నిలువలేకపోయిన పన్ను ఇది! తరువాత 1886లోను, 1922లోను, 1961లోను చట్టాలు వచ్చినవి. 1961 నాటి చట్టం స్థానంలో తెచ్చిన కొత్త చట్టం 2025 ఆగస్టు 21న రాష్ట్రపతి ఆమోదం పొందింది. దాని అమలుకు నిర్ణయించిన తేదీ 2026 ఏప్రిల్ 1. నేను చెప్పబోయే అంకెలు మాత్రం 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి, అనగా 1961 నాటి చట్టానికి లోబడిన ఆదాయానికి, సంబంధించినవని గమనించండి. అంకెలు ఏటేటా మారవచ్చును. వాటి వెనుక ఉన్న నీతి మారదు.

ఇప్పుడు మన ముందు రెండు దారులున్నవి. ఒకటి కొత్త పద్ధతి, రెండవది పాత పద్ధతి. కొత్త పద్ధతిలో రు. 4 లక్షలవరకు పన్ను లేదు. ఆపైన 8 లక్షలదాకా నూటికి 5, 12 లక్షలదాకా 10, 16 దాకా 15, 20 దాకా 20, 24 దాకా 25, ఆపైన 30 చొప్పున పన్ను. జీతగాండ్రకు, పింఛనుదార్లకు రు. 75,000 ముందుగానే తీసివేస్తారు. అట్లు తీసివేసిన మీదట మొత్తం ఆదాయం రు. 12 లక్షలు మించకపోతే, లెక్కకు వచ్చే రు. 60,000 పన్నునూ ప్రభుత్వం మాఫీ చేస్తుంది.

ఇక్కడనే పెద్ద అపోహ బయలుదేరింది. "పన్నెండు లక్షలదాకా ఏమీ లేదట" అని పత్రికలో చదివి, మనవాళ్ళు రిటర్ను దాఖలు చేయడమే మానుకొంటున్నారు. అయ్యా! పన్నెండు లక్షలనేది మాఫీకి హద్దు. లెక్క చెప్పడానికి హద్దు నాలుగు లక్షలే. ఆ హద్దు దాటినవారు పన్ను ఒక్క పైసా లేకపోయినా రిటర్ను ఇవ్వవలసినదే. గడువు దాటితే ఆదాయం 5 లక్షలలోపు వారికి రు. 1,000, అంతకు మించినవారికి రు. 5,000 ఆలస్యపు రుసుము. పన్ను సున్న, రుసుము ఐదువేలు! అప్పు లేనివాడు వడ్డీ కట్టినట్లున్నది గదా. జీతగాండ్రకు మామూలు గడువు జూలై 31. 2025లో దానిని సెప్టెంబరు 16 దాకా పొడిగించారు గాని, ఏటేటా పొడిగిస్తారని నమ్ముకొని కూర్చోవడం వివేకం కాదు.

రెండవ సంగతి మనబోటి వలసవాసులకు మరింత ముఖ్యమైనది. మనం చెన్నపట్నంలోనో, బెంగుళూరులోనో, బరంపురంలోనో, షోలాపురంలోనో స్థిరపడి తరాలు గడచినవి. అయినా స్వగ్రామంలో ఒక ఎకరమో, పట్నపు అంచున ఒక ఇంటిస్థలమో మిగిలే ఉంటుంది. పిల్ల పెళ్ళికో, పిల్లవాని చదువుకో దానిని అమ్ముతాము. "అది మన పిత్రార్జితం, దానికి పన్నేమిటి?" అనుకొంటాము. పిత్రార్జితం మనకు సంక్రమించినప్పుడు పన్ను లేదు, నిజమే. అమ్మినప్పుడు మాత్రం లాభంమీద పన్ను ఉన్నది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక ఉద్యోగికి రు. 75,000 తీసివేసిన పిమ్మట జీతం 8 లక్షలు. మామూలుగా అతనికి లెక్కకు వచ్చే పన్ను రు. 20,000. అదంతా మాఫీయే. అతడు ఆ సంవత్సరం ఊరిలోని ఇంటిస్థలం అమ్మగా 10 లక్షల లాభం తేలిందనుకొందాం. రెండేళ్ళకు పైగా ఉన్న ఆస్తిగనుక లాభంమీద నూటికి పన్నెండున్నర, అంటే రు. 1,25,000. దీనికి మాఫీ వర్తించదు. అంతే కాదు, మొత్తం ఆదాయం 18 లక్షలై పన్నెండు లక్షల హద్దు దాటినందున జీతంమీది మాఫీ కూడ పోయింది. ఆ 20,000 కూడ చేరి, నూటికి నాలుగు చొప్పున సెస్సు కలిసి, మొత్తం రు. 1,50,800. ఈ సంగతి ముందు తెలిసినవాడు పెళ్ళిఖర్చులో ఆ మేరకు పక్కన పెట్టుకొంటాడు. తెలియనివాడు సొమ్మంతా ఖర్చైన తరువాత నోటీసు చూచి గుండె పట్టుకొంటాడు.

దీనికి చట్టమే ఉపాయాలు చూపింది. స్థలం అమ్మగా వచ్చిన పైకంతో నియమిత కాలంలో ఇల్లు కొన్నా కట్టుకొన్నా, లేదా ఆరు నెలలలో లాభాన్ని ప్రభుత్వం నిర్ణయించిన బాండ్లలో రు. 50 లక్షలకు మించకుండ పెట్టినా, మినహాయింపు దొరుకుతుంది. 2001 ఏప్రిల్ 1కి పూర్వపు ఆస్తి అయితే, తాతగారు ఇచ్చిన వందల రూపాయల వెలను గాక, ఆనాటి న్యాయమైన విలువను కొన్న ధరగా చూపవచ్చును. స్థలానికీ ఇంటికీ అట్లు చూపే విలువ ఆనాటి స్టాంపు విలువను మించరాదు. అందుకు రిజిస్ట్రారు కచేరీనుండి ఆనాటి విలువల నకలు తెచ్చుకోవడం మంచిది. పల్లెటూరి సాగుభూమి అమ్మితే ఈ పన్ను లేదు. అయితే మునిసిపాలిటీలోనిదీ, దానికి నిర్ణీత దూరంలోనిదీ పల్లెటూరి భూమి కాదు. జనాభాను బట్టి ఆ దూరం 2, 6, 8 కిలోమీటర్లుగా నిర్ణయించారు. మన చిన్ననాటి పొలాలు ఎన్నో ఇప్పుడు పట్నాల పొలిమేరలోకి వచ్చినవి. కనుక విచారించి మరీ అమ్మండి.

ఇంకొక మాట. అమ్మకానికి బయానా పుచ్చుకొనేటప్పుడు నోట్ల కట్టలు చేతికి తీసుకోవడం మనకు అలవాటు. స్థిరాస్తికి బయానాగా గాని, చేబదులుగా గాని రు. 20,000 గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకోరాదు. పుచ్చుకొంటే, ఎంత పుచ్చుకొన్నామో అంత జరిమానా! ఐదు లక్షల బయానాకు ఐదు లక్షలు. సరియైన కారణం రుజువు చేయగలిగితే తప్ప తప్పించుకోలేము. ఇది దొంగసొమ్మని గాదు, దారి తప్పి వచ్చిన సొమ్మని శిక్ష. చెక్కు మీదనో, బ్యాంకు ద్వారానో పుచ్చుకొంటే ఈ బాధ లేదు.

ఇక పాత పద్ధతి. దీనిలో రేట్లు హెచ్చు, మినహాయింపులూ హెచ్చు. భవిష్యనిధి, జీవిత భీమా మొదలైనవాటికి రు. 1,50,000 దాకా, ఆరోగ్య భీమాకు రు. 25,000, అరవై ఏళ్ళు నిండిన తల్లిదండ్రులకోసం కట్టినది వేరే రు. 50,000 దాకా, నివసించే ఇంటి అప్పుమీది వడ్డీకి రు. 2 లక్షల దాకా మినహాయింపు ఉన్నది. అద్దె ఇంటి భత్యంలో ఒక చిత్రమున్నది. వచ్చిన భత్యం, జీతంలో పదోవంతు పోగా మిగిలిన అద్దె, జీతంలో నిర్ణీత భాగం, ఈ మూడింటిలో ఏది తక్కువైతే అంతే మినహాయింపు. ఆ నిర్ణీత భాగం నేను చెప్పిన సంవత్సరానికి చెన్నైలో నూటికి 50, బెంగుళూరులో 40. అన్నదమ్ములిద్దరికీ ఒకే జీతం, ఒకే అద్దె అయినా ఊరిని బట్టి లెక్క మారవచ్చును.

జీతగాడు ఏ సంవత్సరానికా సంవత్సరం తనకు లాభించే పద్ధతి ఎంచుకోవచ్చును. కాని పాత పద్ధతి కావలెననుకొన్నవాడు గడువులోగా రిటర్ను ఇవ్వవలెను. గడువు దాటితే ఆ దారి మూసుకొనిపోతుంది. మన సంఘానికో, దేవాలయానికో ఇచ్చే చందాలను గూర్చి కూడ అడుగుతూ ఉంటారు. ఆ సంస్థకు శాఖవారి అనుమతి ఉండి, మీరు పాత పద్ధతిలో ఉండి, రు. 2,000 మించిన చందాను నగదుగా గాక బ్యాంకు ద్వారా ఇచ్చినప్పుడే మినహాయింపు. పుణ్యానికి మాత్రం ఏ రసీదూ అక్కరలేదు!

గృహిణుల విషయం కూడ ఒకటున్నది. భర్త తన సొమ్మును భార్య పేర బ్యాంకులో వేస్తే, దానిమీది వడ్డీ భర్త ఆదాయంలోనే కలుస్తుంది. "ఆమె పేర వేశాను, నాకేమి సంబంధం?" అంటే చెల్లదు. ఆమె తన కష్టార్జితంతోనో, పుట్టింటివారిచ్చిన పసుపుకుంకుమలతోనో దాచుకొన్నదైతే వడ్డీ ఆమెదే. కాబట్టి ఏ సొమ్ము ఎక్కడినుండి వచ్చిందో ఒక చిన్న పుస్తకంలో వ్రాసి ఉంచుకోవడం ఆడవారికి ఎంతో రక్ష.

"ఎవరికి తెలుస్తుందిలే" అనే రోజులు పోయినవి. బ్యాంకు వడ్డీ, వాటాలమీది లాభాంశం, ఆస్తి క్రయ విక్రయాలు మన పాన్ నంబరుమీద శాఖవారికి చేరుతున్నవి. ఆ పట్టీని మనమే వారి వెబ్‌సైటులో చూచుకోవచ్చును. చిత్రగుప్తుడు తన చిట్టాను ముందుగా మనకే చూపిస్తున్నాడంటే అంతకన్న దయ ఏమి కావలెను? రిటర్ను వ్రాసేముందు ఆ పట్టీ చూడండి. అందులో తప్పుంటే అభ్యంతరం తెలియజేయండి.

చివరకు శిక్షల సంగతి. బాకీ ఉన్న పన్నుమీద గడువు దాటిన ప్రతి నెలకూ నూటికి ఒక రూపాయి వడ్డీ. ఆదాయం తక్కువ చూపితే ఎగ్గొట్టిన పన్నులో సగం జరిమానా. తెలిసి అబద్ధపు లెక్క వ్రాస్తే ఆ పన్నుకు రెండింతలు. ఈమధ్య కొందరు మధ్యవర్తులు "మీకు రిఫండు తెప్పిస్తాము, అందులో మాకు ఇంత వాటా" అని బయలుదేరారు. కట్టని భీమా, ఇవ్వని చందా రిటర్నులో వ్రాసి డబ్బు తెప్పిస్తారు. 2025 జూలైలో శాఖవారు ఇట్టి బూటకపు మినహాయింపులపై తమిళనాడు, మహారాష్ట్ర మొదలైన చోట్ల సోదాలు జరిపారు. నూటికి 30 చొప్పున పన్ను కట్టేవాడు లక్షన్నర బూటకపు మినహాయింపు వ్రాస్తే మిగిలేది రు. 45,000. పట్టుబడితే ఆ 45,000కు తోడు 90,000 జరిమానా, వడ్డీ వేరే. మధ్యవర్తి తన వాటాతో వెళ్ళిపోతాడు. సంతకం మీది, శిక్షా మీదే.

తప్పు జరిగితే దిద్దుకొనే దారి కూడ చట్టంలో ఉన్నది. అసెస్‌మెంటు సంవత్సరం ముగిసిన తరువాత నాలుగేండ్లవరకు సవరించిన రిటర్ను ఇచ్చి అదనపు పన్ను కట్టవచ్చును. మొదటి ఏడాదిలో అయితే పన్ను, వడ్డీల మొత్తంమీద నూటికి 25 అదనం. రెండవ ఏడాదిలో 50, మూడవదానిలో 60, నాల్గవదానిలో 70. ఈ మెట్లు చూస్తే చట్టం మనస్సు తెలుస్తుంది. త్వరగా నిజం చెప్పినవాని మీద దయ, ఆలస్యం చేసినవాని మీద బరువు, అబద్ధమాడినవాని మీద ఆగ్రహం.

సోదరులారా! పొరుగు రాష్ట్రాలలో మనవారికి ఏర్పడిన మంచిపేరు ఇచ్చిన మాట, వ్రాసిన లెక్క నిలుపుకోవడంవల్ల వచ్చినదే. దుకాణంలోనూ, మగ్గం దగ్గరా, కచేరీలోనూ మన పెద్దలు సంపాదించిన ఆ పరువును మనం కాగితం ముక్క దగ్గర పోగొట్టుకోరాదు. చదువుకొన్న యువకులకు నాదొక మనవి. మీ రిటర్ను మీరు వ్రాసుకొన్ననాడు, వీధిలో ఒంటరిగా ఉన్న ఒక పింఛనుదారు దగ్గర కూడ ఒక గంట కూర్చోండి. బ్యాంకువారు పట్టుకొన్న పన్ను ఆయనకు తిరిగి రావలసి ఉండవచ్చును. రిటర్ను ఇవ్వనిదే అది రాదు. ఆ గంట మీరు ఆయనకు పెట్టిన పండుగ బట్టలతో సమానం.

ఈ కొత్త సంవత్సరంలో మీ అందరికీ ఆదాయం హెచ్చుగాను, వ్యయం మితంగాను, లెక్క సరిగాను ఉండుగాక అని కోరుతున్నాను.