దిగబడిన ట్రాక్టరు



కిందటి సార్వా దమ్ములో ఒక చేలో ట్రాక్టరు దిగబడింది. తోలే కుర్రవాడు వెనక చక్రాలకు దుంగ కట్టి, ముందు గేరు వేసి, క్లచ్చి ఒక్కసారిగా వదిలాడు. ట్రాక్టరు ముందుభాగం గుర్రంలాగ లేచింది. వెంటనే క్లచ్చి తొక్కాడు గనుక బ్రతికాడు. ఇది నేను కళ్లారా చూసిన సంగతి. ఇలా ఎందుకు జరుగుతుందో ఈ పూట చెప్పుకుందాం.

యింజను బలం క్లచ్చి, గేర్లపెట్టె దాటి యిరుసుకు చేరాలి. ఏ యిరుసుకు? అంబాసిడరు కారులో యింజను ముందుండేది. పొడుగాటి కడ్డీ దాని బలాన్ని వెనక యిరుసుకు చేర్చేది. 1983లో వచ్చిన మారుతి 800 కారులో యింజనును అడ్డంగా పెట్టి ముందు చక్రాలనే తిప్పారు. కడ్డీ అక్కరలేకపోయింది, లోపల చోటు కలిసివచ్చింది. యింజను బరువే ముందు చక్రాలను నేలకు అదిమి పట్టు ఇచ్చింది.

మరి ట్రాక్టరుకు అలా ఎందుకు చేయరు? బండిలో బస్తాలన్నీ వెనక్కు వేస్తే నొగలు పైకి లేస్తాయి గదా! అట్లాగే నాగలి లాగేటప్పుడు భారం వెనక చక్రాల మీదికి జరుగుతుంది; ముందు చక్రాలు తేలిక పడతాయి. బరువున్న చక్రానికే పట్టు. అందుకే వెనకవి పెద్ద చక్రాలు. యింజను తిప్పేదీ వాటినే. ముందు చక్రాలనూ తిప్పే ట్రాక్టర్లకు బురదలో పట్టు ఎక్కువే గాని, అపాయమే లేదనుకోవద్దు.

ఆ అపాయం ఏమిటంటారా? వెనక చక్రం బిగిసిపోతే యింజను వూరుకోదు. చక్రాన్ని తిప్పలేక, యిరుసు చుట్టూ ట్రాక్టరునే పైకెత్తుతుంది. రెప్పపాటులో వెల్లకిలా పడవేస్తుంది. 1917లో అమెరికాలో తయారైన ఫోర్డ్సన్ ట్రాక్టర్లు నాగలి రాయికి తట్టుకున్నప్పుడు ఇలాగే తిరగబడేవి. హారీ ఫెర్గూసన్ నాగలిని మూడుచోట్ల బిగించే పద్ధతి కనిపెట్టాడు. 1939లో అది ఫోర్డు ట్రాక్టరుకు వచ్చింది. ఈనాడు మీ ట్రాక్టరు వెనకవున్న మూడు చేతులు అవే.

కనుక నాలుగు మాటలు గుర్తుంచుకోండి. దిగబడితే ముందుకు గుంజకుండా వెనక్కు తీయండి. అప్పుడు ముందుభాగం లేవదు, నేలకే అదుముతుంది. చక్రాలకు దుంగ కట్టవద్దు. లాగే గొలుసును యిరుసుకు పైన కాక, కింది కొక్కేనికే తగిలించండి. క్లచ్చి మెల్లగా వదలండి. అప్పటికీ రాకపోతే ఇంకో ట్రాక్టరుకు కబురు పెట్టండి.

విస్తరణ కార్యకర్తలు ఈ సంగతి యజమానికే కాదు, తోలేవాడికి కూడా చెప్పాలి. సీటుమీద కూర్చునేది అతనే.

దమ్ము ఒక పూట ఆలస్యమైతే మర్నాడు చేసుకోవచ్చును. పోయిన మనిషి మళ్లీ రాడు. సెలవు.