గొంతు మనది, పెట్టె మనది, పట్టా ఏది?

(తాడేపల్లిగూడెంలో దళిత యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇవాళ మేం పాట చదువు గురించి మాట్లాడతాం. భూమీ కూలీ ఉండగా పాటకి చదువేంటండీ అని కొందరు నవ్వొచ్చు. నవ్వే ముందు మన పేటలకేసి చూడండి. గూడెం నుంచి ఏలూరు దాకా, అటు కొల్లేరు లంకల దాకా, ఆదివారం పొద్దున్నే హార్మోనియమో కీబోర్డో మోగుతా ఉంటది. వారమంతా ఊడ్పులు ఊడ్చిన అమ్మ అక్కడ కీర్తన ఎత్తుకుంటది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. చాలా పాటల నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి లాంటివాళ్ళు 19వ శతాబ్దంలోనే కర్ణాటక రాగాల్లో కట్టిన పాటలు అందులో ఉన్నాయి. అమ్మకి రాగం వచ్చు. దాని పేరే ఎవరూ చెప్పలేదు.

పేరు తెలియకపోతే ఏం పోయింది? అమ్మ పాడితే 'చర్చి పాట' అంటారు. పట్టా ఉన్నాయన అదే రాగం పాడితే విద్వాంసుడు అంటారు. సంగీతం మాస్టారి ఉద్యోగం పడితే అదీ ఆయనకే. పోయింది అదండీ!

హార్మోనియం కథ కూడా వినండి. అది యూరపులో పుట్టిన చిన్న ఆర్గాన్. తిత్తి గాలి రేకుల మీదుగా పోయి మోగుతుంది. గమకం పలకదు, పరాయిది అని 1940లో ఆలిండియా రేడియో దాన్ని వెలేసింది. 1971లో గానీ తలుపు తియ్యడం మొదలెట్టలేదు. పెట్టెక్కూడా వెలి! మన పేటలూ, మన పద్యనాటకాలూ మాత్రం దాన్ని వదల్లేదు.

అమెరికాలో బానిసత్వం పోయాక, 1866లో నల్లవాళ్ళ కోసం నాష్‌విల్‌లో ఫిస్క్ కాలేజీ పెట్టారు. డబ్బుల్లేక అది మూతపడేలా ఉంటే, 1871లో విద్యార్థులే పాటల బృందం కట్టి ఊరూరా తిరిగారు. అందులో పియానో, ఆర్గాన్ వాయించిన ఎల్లా షెపర్డ్ బానిసగా పుట్టిన పిల్ల. ముందు తెల్లవాళ్ళ పాటలు పాడారు. తర్వాత తమ అమ్మానాన్నలు పొలాల్లో పాడుకున్న బానిసల పాటలు ఎత్తుకున్నారు. ఆ పాటల డబ్బుతో కట్టిన జూబ్లీ హాలు ఇవాళ్టికీ ఉంది. వాళ్ళు కాలేజీకెళ్ళారు, తమ పాటని గేటు బయట వదిలెయ్యలేదు.

మనకీ కాలేజీలున్నాయి. విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉంది. ఘంటసాల చదివింది అక్కడే. విజయవాడలో ఆయన పేరు మీదే ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. గాత్రం నేర్చుకోవచ్చు. ఆర్గాన్, కీబోర్డు చదువుకైతే లండన్ ట్రినిటీ వాళ్ళ పరీక్షలు మన దేశంలోనే రాయొచ్చు. ఎనిమిది గ్రేడులుంటాయి. ఫీజు మాత్రం కూలి ఇంటికి బరువే.

కాబట్టి మేం చెప్పేది ఇది. ప్రతి పేటా గొంతున్న ఒక పిల్లనో పిల్లాడినో ఎంచుకోవాలి. ఫీజుకి సంఘం చందా వెయ్యాలి. పాస్టరుగార్లు వారం మధ్యలో కూడా కీబోర్డు గది తాళం తియ్యాలి. ప్రభుత్వ కాలేజీలో మన వాటా సీట్లెన్ని, స్కాలర్‌షిప్పు ఎంత అని రాతపూర్వకంగా అడగాలి. ప్రతి సంగీత కళాశాలలో కీబోర్డుకీ, డప్పుకీ కోర్సు పెట్టాలని డిమాండు చెయ్యాలి.

గొంతు మనకి ఎవరూ దానం ఇవ్వలేదు. పట్టా కూడా దానంగా అడగం, హక్కుగా అడుగుతాం.

జై భీమ్!