ఐ.పి. రక్షణ ఎవరికి?

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఊళ్లలో 'ఐ.పి. పెట్టాడు' అన్న మాట తిట్టుతో సమానం. వినగానే చీటీల డబ్బు ఎగ్గొట్టినవాడు గుర్తుకొస్తాడు. స్త్రీలు ఆ మాట విన్నది ఎక్కువగా డబ్బు పోగొట్టుకున్నవాళ్లుగానే. కానీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం మోసగాళ్ల కోసం చేసింది కాదు. నిజంగా అప్పు తీర్చలేని మనిషిని కోర్టు నీడన నిలబెట్టడం దాని ఉద్దేశం. ఆ నీడ స్త్రీల దాకా ఎందుకు రావడం లేదన్నది నా ప్రశ్న.

క్షేత్ర పరిశోధనలో నాకు కలిసిన ఒకామె స్కూల్లో అటెండరు. భర్త వ్యాపారం అప్పుకు హామీ సంతకం పెట్టింది. 'చదివే పెట్టావా?' అని అడిగాను. 'ఆయన పెట్టమన్నాడు, పెట్టాను. చదవమని ఎవరన్నారు మేడమ్?' అంది. వ్యాపారం దెబ్బతిని భర్త ఐ.పి. పెట్టాడు. అప్పులవాళ్లు ఆమె మీద దావా వేసి, డిక్రీ తెచ్చి, జీతం జప్తు చేయించారు.

చట్టం ఇలాగే ఉంది. కోర్టు దివాలా ప్రకటించాక దాని అనుమతి లేకుండా అప్పులవాళ్లు అతని మీద కొత్త దావా వేయలేరు. కానీ 44వ సెక్షన్ ప్రకారం అతనికి దొరికే విముక్తి హామీ ఉన్నవాళ్లకు దొరకదు. లాభంలో వాటా లేని మనిషికి నష్టంలో మొత్తం వాటా!

అయితే ఆమెకూ హక్కులున్నాయి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. జీతం 16,000 అనుకుంటే 11,000 ఆమెదే, 5,000 మాత్రమే జప్తు. అదీ ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలే. మేము లెక్క చూసేసరికి ఆమెకు 31వ నెల కోత పడుతోంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. పిటిషన్ వేశాక కోత ఆగింది.

ఇంటిపని చేసే స్త్రీల కూలీని, వంటపాత్రలను, మతాచారం ప్రకారం స్త్రీ ఒంటి మీద నుంచి తీయకూడని నగలను అసలు జప్తు చేయకూడదు. డబ్బు డిక్రీ కింద స్త్రీని అరెస్టు చేయడాన్ని 56వ సెక్షన్ నిషేధించింది. 'జైలుకు పంపిస్తాం' అని బెదిరించేవాళ్లకు ఈ సెక్షన్ చూపించండి.

ఆమె కూడా ఐ.పి. పెట్టవచ్చు. అప్పులు తీర్చలేని స్థితి ఉండి, అవి 500 రూపాయలకు చేరినా, డిక్రీ కింద జప్తు అమల్లో ఉన్నా అర్హత ఉంటుంది. కానీ పిటిషన్ వేసినంత మాత్రాన దావాలు ఆగవు, కోర్టు దివాలా ప్రకటించాలి. తాకట్టులో ఉన్న బంగారాన్ని, ఇంటిని ఈ చట్టం కాపాడదు. ఆస్తి దాస్తే నేరం. కోర్టు చెప్పిన గడువులో విముక్తి కోసం దరఖాస్తు చేయకపోతే అంతా రద్దవుతుంది.

మరో రెండు విషయాలు. ఐ.పి.తో భార్య మనోవర్తి బాకీ తప్పించుకోవచ్చని మగవాళ్లు అనుకుంటారు. క్రిమినల్ కోర్టు వేసిన మనోవర్తి దివాలా విముక్తితో రద్దు కాదు. అలాగే, ఐ.పి.కి ముందు రెండేళ్ల లోపల ప్రతిఫలం లేకుండా భార్య పేర రాసిన ఆస్తిని కోర్టు రద్దు చేయవచ్చు. రాత్రికి రాత్రి మన పేర వచ్చిన పొలం మనకు ఆస్తి కాకపోగా, కేసుగా మిగలవచ్చు.

2016లో కొత్త దివాలా స్మృతి వచ్చింది. వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరులో కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారికి మాత్రమే అమలు చేశారు. పెద్ద కంపెనీల అప్పులకు కొత్త చట్టం, అటెండరమ్మకు 1920 నాటిది!

1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం అందాలి. మన సంఘాలు సభ్యుల ప్రోనోట్లు, డిక్రీ కాగితాలు, జీతం చీటీలు ఒక చోట చేర్చి చదవాలి. అప్పు పడ్డ స్త్రీ సిగ్గుతో తలుపు మూసుకుంటుంది. ముందు ఆ తలుపు తట్టడం మన పని.